పోపుల డబ్బాలో పది మాత్రలు

ఆ బుధవారం పొద్దున మా ఆవిడ కాఫీ ఒక గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "నోరంతా మంటండీ. కాఫీ కూడా కారంగా ఉంది," అంది. మా రాజ్యం ఆవకాయలో కారం చాల్లేదని ఇంకో చెంచా కలుపుకునే మనిషి. అలాంటిది కాఫీకి కారమంటుంటే నాకు నవ్వొచ్చింది. నవ్వి, బండి తీసుకుని మిల్లుకి వెళ్లిపోయాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒంటి మీద తేళ్లూ జెర్రులూ పాకినట్టుంటుంది.

నేను హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక రైస్ మిల్లులో ఎలక్ట్రికల్ ఫోర్‌మన్‌ని. ఇల్లు కంకిపాడులో. కొత్త ధాన్యం వచ్చే రోజుల్లో మాకు ఆదివారాలు ఉండవు. మిల్లులో ఏది ఆగినా పరిగెత్తుకెళ్లి నేను మొదట అడిగే మాట "ఎవడు చేశాడు?" నా గొంతు వింటే మిషన్ల కంటే ముందు మనుషులు ఆగిపోతారని వెనకాల వేళాకోళం చేసేవాళ్లు. అది పొగడ్త అనుకునేవాణ్ణి.

రాజ్యానికి మూడేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు. డాక్టరుగారు రెండు మాత్రలు రాశారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కటే, ఆదివారం నాడు. మిగతా ఆరు రోజులూ ఫోలిక్ యాసిడ్, రోజుకొకటి. రెండూ పసుపురంగు బిళ్లలే. షీటు నొక్కి మాత్ర తీయడానికి ఆమె వేళ్లు రావు కాబట్టి నేనొక ఏర్పాటు చేశాను. పాత పోపుల డబ్బా కడిగి ఆరబెట్టాను. మధ్యలో ఒక గిన్నె, చుట్టూ ఆరు. వారానికి సరిపోయాయి! మాత్రలన్నీ ఒకేసారి షీట్లలోంచి తీసి ఒక సీసాలో పోసేవాణ్ణి. చిన్న బిళ్ల మెథోట్రెక్సేట్, అది మధ్య గిన్నెలోకి. పెద్దది ఫోలిక్ యాసిడ్, అది చుట్టూ. పనివాడికి గుర్తు చాలు, పేరెందుకు అని నా గొప్ప. చుట్టాలొస్తే డబ్బా తెచ్చి చూపించేవాణ్ణి కూడా.

ఆ నెల రెండు మందులూ అయిపోతే మళ్లీ కొన్నాను. "ఇందులో ఒకటి కంపెనీ మారిందండీ, మందు మాత్రం అదే," అన్నాడు షాపతను. "సరేలేవయ్యా, త్వరగా ఇవ్వు," అన్నాను. ఇంటికొచ్చి షీట్లు నొక్కి, బిళ్లలన్నీ సీసాలో పోసి, మిల్లుకి పరిగెత్తాను.

ఆ ఆదివారం మిల్లులో ధాన్యం పైకెత్తే ఎలివేటర్ మోటారు కాలింది. చెప్పులు వేసుకుంటూనే మా కోడలు స్వాతికి పని అప్పగించాను. "అమ్మాయ్, చిన్న బిళ్ల మధ్య గిన్నెలో ఒకటి, పెద్ద బిళ్లలు చుట్టూ ఆరు. అంతే." ఆమె మా ఇంటికొచ్చి అప్పటికి ఏడాది. తలూపింది.

తరవాతి ఆదివారం కూడా నేను మిల్లులోనే ఉన్నాను. స్వాతి ఫోన్ చేసింది. "మామయ్యగారూ, సీసాలో పెద్ద బిళ్లలు నాలుగే ఉన్నాయండీ. చిన్నవేమో బోలెడు మిగిలాయి. ఎందుకో..."

"మోటారు విప్పుకుని నేను కూర్చుంటే మాత్రల సంగతి ఇప్పుడా? చెప్పింది చెయ్యి!" ఫోన్ పెట్టేశాను.

ఇక కాఫీ మండిన బుధవారం సంగతి మీకు చెప్పాను. గురువారం సాయంత్రానికి రాజ్యం నోటినిండా పుండ్లు, నీళ్లు కూడా మింగలేకపోయింది. శుక్రవారం జ్వరం, చేతుల మీద ఎర్రటి చుక్కలు. కారులో విజయవాడ తీసుకెళ్లాం. బెంజ్ సర్కిల్ దగ్గర ట్రాఫిక్ కదలదు. నేను డ్రైవర్‌నీ, ముందున్న ఆటోనీ, ఊరందర్నీ తిడుతూనే ఉన్నాను. వెనకసీట్లో స్వాతి అత్తగారి తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆస్పత్రిలో బ్లడ్ రిపోర్ట్ చూసి డాక్టరమ్మ నొసలు చిట్లించారు. "డబ్ల్యూబీసీ బాగా పడిపోయింది. ప్లేట్‌లెట్స్ కూడా. మెథోట్రెక్సేట్ రోజూ వేస్తున్నారా?"

"లేదండీ, వారానికొక్కటే."

"మరోసారి ఆలోచించండి."

నేను స్వాతి వైపు తిరిగి అందరి ముందూ అరిచాను. "డబ్బా నింపింది నువ్వే కదా! ఏం తగలేశావు?" ఆమె గోడకి ఆనుకుంది.

డాక్టరమ్మ గొంతు పెంచలేదు. "ఎవరు వేశారో నాకక్కర్లేదండీ. ఏ మాత్ర, ఎన్ని, ఆఖరిది ఎప్పుడు వేశారు? దాన్ని బట్టి మందు ఇవ్వాలి. మీకు తెలుసా?"

నాకు తెలియదు. నన్ను దూరంగా బెంచీ మీద కూర్చోమని, స్వాతిని కుర్చీలో కూర్చోబెట్టారు. "తప్పెవరిదని కాదమ్మా. నువ్వేం చూశావో చెప్పు చాలు."

అప్పుడు స్వాతి లెక్క చెప్పింది. పెద్ద బిళ్లలు మొత్తం పది. మొదటి వారం సోమవారం నుంచి శనివారం దాకా ఆరు, ఈ వారం నాలుగు, ఆఖరిది నిన్న పొద్దున. సీసా కూడా బ్యాగులో వేసుకొచ్చింది. కింద ఫార్మసీలో చూపిస్తే, మిగిలిన చిన్న బిళ్లలన్నీ ఫోలిక్ యాసిడ్ అని తేలింది. కొత్త కంపెనీ బిళ్ల పాతదానికంటే బాగా చిన్నది. అంటే అయిపోయిన ఆ పెద్ద బిళ్లలు మెథోట్రెక్సేట్. అవే రోజూ మింగించాం.

"మామయ్యగారు చెప్పినట్టే వేశానండీ," అంది స్వాతి, నా వైపు చూడకుండా.

షాపతను చెప్పిన మాట అప్పుడు నా చెవిలో పడింది.

మెథోట్రెక్సేట్‌కి విరుగుడుగా ల్యూకోవోరిన్ ఇంజక్షన్లు ఆరుగంటలకోసారి మొదలుపెట్టారు. కౌంట్ పెరగడానికి ఇంకొకటి. ఐసోలేషన్ గది, మాస్కులు. నాలుగోరోజు తగ్గుతుందనుకుంటే జ్వరం ఇంకా పెరిగింది, ప్లేట్‌లెట్స్ ఎక్కించారు. "ఈ రెండు రోజులూ గడవాలండీ. ఇప్పుడే ఏమీ చెప్పలేను," అన్నారు డాక్టరమ్మ. లిఫ్టు దగ్గర్నించి వాటర్ కూలర్ దాకా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. రాజ్యం పోతే చంపింది నేనే. తిరుగుతుంటే మిల్లు గుర్తొచ్చింది. ఓసారి బెల్టు తెగినప్పుడు, అది చీలుతోందని వారం ముందే తెలుసన్నాడు ఆపరేటర్. "మీరు తిడతారని చెప్పలేదు సార్," అన్నాడు. చెప్పనందుకు మళ్లీ తిట్టాను.

ఆ సాయంత్రం స్వాతి ఇడ్లీ పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టింది. "నువ్వు ఫోన్ చేసినప్పుడు వినుంటే నాలుగు బిళ్లలైనా ఆగేవమ్మా. నన్ను క్షమించు," అన్నాను.

"నేనూ ఇంకోసారి చెయ్యాల్సింది మామయ్యగారూ. భయమేసింది."

పొట్లం విప్పకుండానే పక్కన పెట్టాను. ముప్ఫై ఏళ్లుగా క్రమశిక్షణ అనుకుంటూ నేను పెంచింది ఈ భయాన్ని.

ఆరోరోజు జ్వరం దిగింది. తొమ్మిదోరోజుకి కౌంట్ పెరిగింది. పదకొండోరోజు పలచటి చారన్నం రెండు ముద్దలు తిని, "ఉప్పు చాల్లేదు," అంది రాజ్యం. నేను కారిడార్‌లోకొచ్చి ఏడ్చాను.

ఇది జరిగి ఎనిమిది నెలలు. వేళ్ల నొప్పులు తిరగబెడితే, రక్తపరీక్షలన్నీ చూసి అదే మందు తక్కువ డోసులో మళ్లీ మొదలుపెట్టారు. ఇప్పుడు నెలకి నాలుగే కొంటాం. షీట్లోంచి ముందే తీయం. ఆదివారం పొద్దున షీటు మీద పేరు స్వాతి పైకి చదివాకే నేను నొక్కుతాను. పోపుల డబ్బాలోకి ఆవాలూ జీలకర్రా తిరిగొచ్చాయి. మిల్లులో ఏదైనా ఆగితే "ఏం జరిగింది?" అని అడగడం నేర్చుకుంటున్నాను. నాలుక మాత్రం ఇంకా "ఎవడు" దాకా వెళ్లి వెనక్కొస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా?

నేను చెప్పగలిగిన సలహా ఒకటే. మీ ఇంట్లో మందు తీసిచ్చేవాళ్లు "ఇదేంటి, ఇలా ఉంది?" అని అడిగితే, చేతిలో ఎంత పనున్నా ఆపి, మాట పూర్తయ్యేదాకా వినండి. అప్పటిదాకా ఆ మాత్ర వేయకండి.

మొన్న మోటారు విప్పి ఉండగా ఫోన్ మోగింది, స్వాతి. పానా కింద పెట్టి, గ్రీజు చేత్తోనే ఎత్తాను. "చెప్పమ్మా, వింటున్నాను."

"ఏం లేదు మామయ్యగారూ, వచ్చేటప్పుడు కరివేపాకు తెస్తారేమోనని."

పక్కనున్న ఫిట్టర్ పని ఆపి, ఇప్పుడు తిట్లు మొదలవుతాయని నా మొహంలోకి చూస్తున్నాడు.

"ఎన్ని కట్టలమ్మా?" అన్నాను.