ముందు గుమ్మం నుంచి

మొన్న పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. సెలవు మీద ఊరెళ్ళిన మా కాక పోయాడు. గుండెపోటట. ఇక్కడ మస్కట్‌లో, ఘుబ్రాలోని మా రూమ్‌లో పెద్దవాడు కాబట్టి అందరికీ ఆయన కాకే. నాకు చుట్టరికమేమీ లేదు. అయినా ఆ రోజు డ్యూటీకి వెళ్ళబుద్ధి కాలేదు.

కాక ఏసీ మెకానిక్. మస్కట్‌లో ఆయన పని చెయ్యని వీధి లేదు. ఒకసారి అన్నం తింటూ అన్నాడు: "గిన్నేండ్ల సంది గీ దేశంల ఉంటున్న. అందరి ఇండ్లు చూసిన. గని ఒక్కింట్లకన్న ముంగటి దర్వాజ నుంచి పోలె. నిచ్చెన వట్టుకోని పక్క గేటుకెల్లి పోవుడు, పక్క గేటుకెల్లి అచ్చుడు." నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ మాట చాలాకాలంగా లోపల ఉన్నదేనని అర్థమైంది.

అందుకే ఒక సెలవు రోజున ఆయన్ని రేవు పక్కన ఉన్న పాతపేట మత్రాకి తీసుకెళ్ళాను. అక్కడ ఒక వర్తకుడి పాత ఇంటిని చిత్రాల మ్యూజియం చేశారు. ఎక్కడెక్కడి వాళ్ళో వెతుక్కుంటూ వస్తారు. కాక ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలకు నూనె రాసుకుని వచ్చాడు. గుమ్మం ముందు చెప్పులు విప్పేశాడు.

"కాకా, గిది మ్యూజియం. ఏస్కో."

"ఇల్లే గదరా," అన్నాడు. వింటేగా!

లోపల బొమ్మల కంటే ముందు ఏసీలు చూశాడు. "మంచిగ దాచిండ్రు," అని మెచ్చుకున్నాడు. తర్వాత ఒక్కో బొమ్మ ముందూ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతిథుల గదిలో పరుపులు, దిండ్లు వేసి తాడు కట్టారు. ఆ తాడు దగ్గర చాలాసేపు ఆగాడు. "కూసుంటె ఏమన్న అంటరా?" అని అడిగాడు. అంటారన్నాను.

బయటికొస్తుంటే, కాపలా ఉన్న ఒమానీ పెద్దాయన గుమ్మం దగ్గరి చెప్పులు చూసి నవ్వాడు. మమ్మల్ని పిలిచి తన పక్కన చాప మీద కూర్చోబెట్టి, ఖర్జూరాలు ముందుకు జరిపి, ఫ్లాస్కులోంచి కాఫీ పోశాడు. ఇక్కడ ఖాళీ కప్పు కొంచెం ఊపితే ఇక చాలని అర్థం. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. నాకు ఆ మర్యాద నేర్పిందే కాక. ఆ రోజు మాత్రం ఆయన ఊపలేదు. తాగడం, చాచడం. నాకే మొహమాటమేసింది.

"ఊపు కాకా."

"ఊపితె లేవాలె గదరా," అన్నాడు మెల్లగా.

ఆ పూట కాక పక్కన కూర్చున్నందుకు నాకిప్పటికీ సంతోషమే.

నిన్న ఒక్కణ్ణే వెళ్ళాను. చెప్పులు గుమ్మం ముందే విప్పాను. "మీ చాచా ఏడీ?" అని హిందీలో అడిగాడు పెద్దాయన. చెప్పాను. ఆయన అరచేతులు పైకెత్తి కాసేపు ప్రార్థించాడు. తర్వాత కాఫీ పోశాడు. తాగేశాను. కప్పు ఊపడానికి చెయ్యి రాలేదు.

ఆయన మళ్ళీ పోశాడు.