నిన్న హెసరేను?

అక్క పోయిందని అన్న ఫోన్ చేసినప్పుడు నేను విత్తనానికి శనక్కాయలు వలుస్తున్నాను. "పాపా, అక్క లేదే ఇంక" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. ఇందులోనూ ఆమే ముందు పోయిందా అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడుతూనే ఇది రాస్తున్నాను.

అక్క బెంగళూరులో లా కాలేజీ ప్రొఫెసరు. ఆడవాళ్ళ హక్కుల కోసం ఊరూరా తిరిగిన మనిషి. ఆ గొప్పలన్నీ పేపర్లవాళ్ళు రాశారు, మళ్ళీ నేను రాయనక్కర్లేదు. నా దగ్గరున్నది వాళ్ళ దగ్గర లేనిది ఒకటే: ఆమె మీద అసూయ. చిన్నప్పటి నుంచి మొన్నటిదాకా కడుపు నిండా మోశాను.

మాది కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న బలసముద్రం. అక్క పావగడలో కన్నడ బడికి పోయింది. నన్ను సరిహద్దు అవతల మేనత్త ఇంట్లో పెట్టి తెలుగు బడికి పంపారు. ఆరో తరగతి అయ్యేసరికి నాన్న పోయాడు, ఆ ఏడు వాన కూడా లేదు. నన్ను బడి మాన్పించి ఇంటికి తెచ్చేశారు. ఇంట్లో ఒక ఆడపిల్ల చదివితే చాలు అంది అమ్మ. ఆ ఒక్కతీ అక్క. ఆమెకు పుస్తకాలు, నాకు శనక్కాయ చేలో కలుపు.

నాన్న చేను వారసుల పేరున మార్చడానికి భూమి రికార్డులు రాసే శానుభోగప్ప మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. ఊరంతా చుట్టూ చేరింది. అన్న పేరు రాసుకుని, మాటవరసకు నావైపు తిరిగి కన్నడంలో అడిగాడు:

"నిన్న హెసరేను?"

నీ పేరేమిటి అని ఆయన ప్రశ్న. నాకు తెలిసిన కన్నడమంతా పావగడ సంతలో విన్నది. అక్కడ పెసలను హెసరు అంటారు. 'నిన్న' అంటే నాకు తెలుగు నిన్నే. అందుకని చేతులు కట్టుకుని జవాబు చెప్పాను:

"నిన్న పెసలు ఏయలేదు సామీ, శనక్కాయ ఏసినాము."

అరుగంతా ఒకటే నవ్వు. "శనక్కాయమ్మ అని రాసుకో సామీ!" అన్నారెవరో. శానుభోగప్ప నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని పుస్తకం మూయబోయాడు. అంతలో తలుపు వెనక నుంచి అక్క గొంతు వినిపించింది.

"మూయొద్దు సామీ. నా పేరు, మా పాప పేరు రాయండి" అని రెండు పేర్లూ వీధి చివరిదాకా వినబడేలా చెప్పింది.

"పెండ్లయి పోయేవాళ్ళకు పేర్లెందుకమ్మా" అని ఆయన లేచి వెళ్ళిపోయాడు. మా పేర్లు రాయలేదు. నాకు మాత్రం ఊళ్ళో కొత్త పేరు మిగిలింది. పెళ్ళి చేసుకుని మంగళవాడ వెళ్ళేదాకా నన్ను శనక్కాయమ్మ అనే పిలిచారు.

అక్క తుమకూరు హాస్టల్లో ఉండి లా చదివింది, బెంగళూరులో పాఠాలు చెప్పింది. సెలవులొస్తే పావగడ తాలూకా ఆఫీసు వసారాలో చాప వేసుకుని కూర్చునేది. కాగితాలు పట్టుకుని ఆడవాళ్ళు వరసగా వచ్చేవాళ్ళు. ఆమె నల్లకోటు జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలుండేవి. వచ్చినవాళ్ళ చేతిలో నాలుగు పోసి కాగితం చదివేది. "సంతకం పెట్టే ముందర ఒక గ్లాసు నీళ్ళు తాగమ్మా. తాగేలోపల ఏముండాదో చదువుకోవచ్చు" అనేది. చదువురాని వాళ్ళకు గ్లాసు అందించి తనే చదివి వినిపించేది.

దారిలో కనిపించిన వాళ్ళందరూ "మీయక్క ఎప్పుడొస్తాదమ్మా?" అని నన్నడిగేవారు. నువ్వెట్లున్నావని అడిగిన పాపాన ఒక్కరూ పోలేదు.

తొంభైలలో ఒకరోజు నన్నూ ఆ ఆఫీసుకు లాక్కుపోయింది. నాన్న చేనులో నా భాగానికి అర్జీ తనే రాసింది. గుమాస్తా ముందు మాత్రం నోరు విప్పలేదు.

"నీ పేరు నువ్వే చెప్పల్ల. నేను చెప్పను పో" అంది.

బస్సులో దారి పొడుగునా అనుకున్న కన్నడ ముక్క చెమటలు కక్కుతూ అప్పజెప్పాను. పహణీలో, అంటే భూమి రికార్డులో, నా పేరు ఎక్కింది. ఆ చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది, లీజు కాగితంలోనూ నా పేరుంది. కానీ ఆ రోజు నాకు సంతోషం కన్నా ముందు కోపమొచ్చింది. నాది నాకు రావడానికి కూడా ఈమే కావాలా అని.

అదే ఏడు పావగడలో ఆడవాళ్ళ సభ జరిగింది. నేను వెనక వరసలో కూర్చున్నాను. అక్క మైకు పట్టుకుని మొదలుపెట్టింది: "మా ఇంటికి శానుభోగప్ప వచ్చినాడు. నిన్న హెసరేను అని అడిగినాడు..." హాలంతా అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. నేను లేచి బయటికి నడిచాను. నన్ను నవ్వులపాలు చేసి చప్పట్లు కొట్టించుకుంటోందని ఒళ్ళు మండిపోయింది.

అప్పటి నుంచి ఆమె ఫోన్ చేస్తే చేలో ఉన్నానని చెప్పించేదాన్ని. ఒకసారి దొరికిపోయాను.

"ఏమ్మే, నా మీద కోపమా?"

"నాకేం కోపం? కోపం చేసుకునేకి నీయంతదాన్నా నేను?"

"నీళ్ళు తాగి మాట్లాడుదువులే" అని అక్క ఫోన్ పెట్టేసింది. నేను మళ్ళీ చెయ్యలేదు.

కాలేజీలో సంతాప సభకు అన్న, నేను వెళ్ళాం. ఆమె దగ్గర చదివి ఇప్పుడు వకీలుగా ఉన్న ఒకావిడ మాట్లాడింది. మేడమ్ ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఒక కథ చెప్పేవారంది. అదే కథ. నాకు చెవులు వేడెక్కాయి. ఈసారి లేచిపోవడానికి వీల్లేదు, ముందు వరసలో కూర్చోబెట్టారు.

"పేరడిగితే శనక్కాయ వేశామని చెప్పిన తెలివితక్కువదాన్ని నేనే, అనేవారు మేడమ్. మా చెల్లెలు చిన్నది, అయినా ఇద్దరి పేర్లూ గట్టిగా చెప్పి రాయమంది. నాకు మొదటి లా పాఠం చెప్పింది మా చెల్లెలే, అనేవారు."

అన్న నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. పచ్చి అబద్ధం. అబద్ధపు సాక్ష్యం చెప్పొద్దని అందరికీ నేర్పిన మనిషి, ఇన్నేళ్ళూ ప్రతి క్లాసులో ఈ అబద్ధం చెప్పింది. ఆ రోజు పావగడ హాల్లో ఇంకొక్క నిమిషం కూర్చుని ఉంటే నేనూ వినేదాన్ని. ఆ నవ్వును తన మీద వేసుకోవడం ఆమెకు చేతనైంది. నాకు చేతకాలేదు. ఇప్పుడు దానికీ అసూయే.

బయటికొస్తుంటే సంతకాల పుస్తకం పట్టుకున్న అమ్మాయి ఆపింది.

"నిమ్మ హెసరేను మేడమ్?"

మర్యాదగా మీ పేరేమిటని అడుగుతోంది. చిన్నప్పుడైతే నిమ్మకాయలు లేవనేదాన్నేమో. నా పేరు చెప్పాను. "మేడమ్ చెల్లెలు మీరేనా?" అంటూ ఆ అమ్మాయి ముఖం వెలిగిపోయింది.

"నేనే. కానీ మీ మేడమ్ తప్పు చెప్పింది. శనక్కాయ అన్నది నేను. పేర్లు చెప్పింది ఆమె" అన్నాను.

ఆ అమ్మాయి పెన్ను చేతికిచ్చింది. నేను ముందు నీళ్ళడిగాను. గ్లాసు ఖాళీ అయ్యేదాకా, పేజీ పైన రాసిన అక్క పేరు చదువుతూ నిలబడ్డాను.