గుర్రాల కొట్టం గుమ్మం

తడిసిన ఎండుగడ్డి వాసన తగిలితే, అమెరికాలో, రెడ్‌మండ్‌లో మా పక్కింటి జపనీస్ అంకుల్ గుర్తొస్తారు. ఆయన రాష్ట్ర శాసనసభ్యులు. ఏటా పశువుల ఫెయిర్‌లో గేటు దగ్గర నిలబడి అందరితో చేతులు కలిపేవారు. నాకు ఏడేళ్లప్పుడు, గుర్రాలు చూద్దామని ఆయన్ని చెయ్యి పట్టి లాక్కెళ్లాను. కొట్టం గుమ్మం దగ్గర ఆయన ఆగిపోయారు. భయమా అని అడిగితే, కొంచెం అన్నారు.

"మమ్మీ, అంకుల్‌కి హార్సెస్ అంటే భయం," అని కారులో నవ్వాను.

"టీజ్ చేయకు, పెద్దాయన," అంది అమ్మ.

అయినా ఆయన కనబడితే గుర్రంలా సకిలించేదాన్ని. ఆయన బెదిరినట్టు నటించేవారు.

ఆయన పోయాక సంతాపసభలో వాళ్లమ్మాయి చెప్పింది. జపాన్‌తో రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్నప్పుడు, జపాన్ మూలాలున్నాయన్న ఒక్క కారణంతో, ప్రభుత్వం వాళ్ల కుటుంబాన్ని ఇంట్లోంచి తీసుకెళ్లి ఆ కొట్టంలోనే ఉంచిందట. పడుకోవడానికి గడ్డి పరిచారట. అప్పుడు ఆయనకీ ఏడేళ్లే.