లడాయి గడ్డ మీద టీచరమ్మ

నా చిన్నతనం అనగానే నాకు ముందుగా గుర్తొచ్చేది మా ఊరి పడమటి దిక్కున ఉండే లడాయి గడ్డ. ముత్తంగి దాటాక రోడ్డుకు కొంచెం లోపలగా ఉంటుంది మా ఊరు. ఎప్పుడో ఏదో కోట మీదికి పోతున్న సైన్యాన్ని మా ఊరివాళ్లు ఆ గడ్డ మీదే అడ్డుకున్నారని, ఇంటికి తిరిగి రానివాళ్ల కోసం అక్కడ రాళ్లు పాతారని పెద్దలు చెప్పేవారు. కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కిన రాళ్లు ఏడు ఉండేవి. అక్కడ ఎవరూ నాగలి పెట్టేవారు కాదు.

నేను ఆరో తరగతిలో ఉండగా, ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో, ఆ గడ్డ అమ్ముడుపోయింది. కొన్న మనిషి ఇళ్ల ప్లాట్లకని సున్నంతో గీతలు గీయించాడు. మా పక్కింటి టీచరమ్మ ఊరుకోలేదు. బడికీ, ఆదివారం చర్చికీ తప్ప ఎక్కడికీ పోని మనిషి, బస్సెక్కి సంగారెడ్డి పోయి కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చి వచ్చింది. అది యుద్ధం జరిగిన చోటని, ఆ రాళ్లే సాక్ష్యమని, అక్కడ ఇళ్లు కట్టనివ్వొద్దని రాసింది. ఆఫీసరు స్వయంగా వచ్చి చూస్తాడని కబురొచ్చింది.

ఆయన రావడానికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం, నేను మా నాయనకు అన్నం గిన్నె పట్టుకుని పోయాను. నాయన ట్రాక్టర్ నడిపేవాడు. ఫ్యాక్టరీల నీళ్లు చేరి మా బావి ఎర్రబడ్డాక మా పొలం పండలేదు. ప్లాట్ల మనిషి ఇచ్చే పని తప్ప మాకు వేరే ఆధారం లేదు. నేను వెళ్లేసరికి, ఎక్కడి నుంచో వచ్చిన ఇద్దరు కూలీలతో కలిసి, నాయన గడ్డ మీది రాళ్లను పక్కనే ఉన్న మా పాడుబడ్డ బావిలోకి దొర్లిస్తున్నాడు. చివరి రాయి పడ్డాక వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఎవ్వలకు చెప్పకు బిడ్డా. చెప్తే నన్ను జైల్ల ఏస్తరు," అన్నాడు.

సంగారెడ్డి జైలు గోడను నేను బస్సులోంచి చూశాను. అది ఎంత ఎత్తో నాకు తెలుసు.

ఆ రెండు రోజులూ నాకు ఎటూ దారి కనిపించలేదు. చెబితే నాయన జైలుకు పోతాడు. చెప్పకపోతే టీచరమ్మ అబద్ధాలకోరు అవుతుంది. ఖాళీ గుంటలు చూసి ఆమె ఆ గడ్డ మీదే కూలబడిపోయిందని ఊళ్లో చెప్పుకున్నారు. రోజూ నన్ను బడికి వెంటబెట్టుకుని పోయేది ఆమే. ఆమె చెయ్యి పట్టుకుంటే నేను విడిపించుకున్నాను. నా మొహంలోకి చూసి, ముందు నడిచింది. ఇంట్లో నాయనా నేనూ ఒకరినొకరు తప్పించుకుని తిరిగాం. నేను అన్నం ముట్టకపోతే అమ్మ దిష్టి తీసింది.

ఆఫీసరు వచ్చిన రోజు ఊరంతా గడ్డ మీదే ఉంది. అప్పటికి గుంటలు కూడా పూడ్చేశారు. ఆయన గడ్డంతా తిరిగి చూసి, "మీరు రాసిన రాళ్లు ఏవమ్మా?" అని అడిగాడు. టీచరమ్మ ఊరి పెద్దల వైపు చూస్తే, ప్లాట్ల మనిషితో పనులున్న వాళ్లంతా చూపు తిప్పుకున్నారు. ప్లాట్ల మనిషి నవ్వాడు. "పిల్లలకు కథలు చెప్పి చెప్పి అలవాటైంది సార్ ఆమెకు," అన్నాడు.

ఆఫీసరు పిల్లల వైపు తిరిగాడు. అందరిలో ముందున్నది నేనే. "నువ్వు చెప్పు పాపా. ఇక్కడ రాళ్లు ఉండేవా? ఎటు పోయాయి?"

నా వెనకే ట్రాక్టర్ చక్రానికి ఆనుకుని నాయన నిలబడి ఉన్నాడు. అప్పుడు టీచరమ్మ వచ్చి నాకూ ఆఫీసరుకూ మధ్య నిలబడింది.

"పిల్లను అడగకుండ్రి సార్. నా అర్జీ తప్పని రాసుకోండ్రి, సంతకం పెడ్త. పిల్లను ఇరకాటంల పెట్టి ఈ గడ్డను కాపాడుకునుడు నాకొద్దు."

ఆఫీసరు కాగితం తీశాడు. ఆమె పెన్ను అందుకుంది. అప్పుడు నా వెనక నుంచి నాయన గొంతు వినిపించింది.

"బాయిల ఉన్నయి సార్. నేనే ఏసిన."

నాయనను సంగారెడ్డి తీసుకుపోయి, చెప్పిందంతా రాయించుకుని, సాయంత్రానికి వదిలేశారు. మర్నాడు రాళ్లకు గొలుసులు కట్టడానికి ఆ బావిలోకి దిగింది నాయనే. రెండు రాళ్లు విరిగిపోయాయి. ట్రాక్టర్ పని పోయింది. కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి చేరి, బతికినన్నాళ్లూ ఆ ఘాటు వాసన ఒంటిమీద మోసుకుని ఇంటికొచ్చేవాడు. నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. రాళ్ల చుట్టూ కొంత జాగాకు కంచె వేశారు. మిగిలిన గడ్డంతా కొన్నేళ్లలో ఇళ్లతో నిండిపోయింది. టీచరమ్మ కోరినంత దక్కలేదు.

ఆమెకు నిజం ముందే తెలుసా అని నేను అడగనేలేదు. అడిగే ధైర్యం వచ్చేసరికి ఆమె బదిలీ మీద వెళ్లిపోయింది. నాయన నోరు విప్పకపోయి ఉంటే నేనేం చేసేదాన్నో ఇప్పటికీ నాకు తెలియదు. నేనూ బడిపంతులమ్మనే అయ్యాను. తరగతిలో ఏదైనా జరిగి, ఒక పిల్ల తల వంచుకుని నోరు మెదపకుండా నిలబడితే, నిజం ఆ పిల్ల నోటి నుంచే రావాలని నేను పట్టుబట్టను. ముందు ఆ పిల్ల వెనక ఎవరు నిలబడి ఉన్నారో చూస్తాను.