చెప్పులతో పిల్లల్ని లెక్కపెట్టిన ఆయమ్మ

నా ఆడబిడ్డ బడిలో ఆయమ్మ. ముప్పై ఏళ్లుగా అదే పని. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, మా ఆయన పోయాక ఇది నాకు పూర్తి మొగుడే అయింది. దర్జీపని చేసుకునేదానివి, మూడో తరగతితో పలక పక్కన పడేసినదానివి, నీకీ రాతలెందుకని మీరు అడగొచ్చు. రాయడం వచ్చినవాళ్లు అక్కడ లేరు. అక్కడున్నవాళ్లకు రాయడం రాదు. రెండూ అరకొరగా ఉన్నదాన్ని నేనొక్కదాన్నే.

దానికి అక్షరం ముక్క రాదు. హాజరుపట్టీ టీచరుది, లెక్క దీనిది. వరండాలో చెప్పుల అరల ముందు నిలబడి ఈ చివర నుంచి ఆ చివరకు ఒక్కసారి చూసేది, అంతే. ఏ జత ఎవరిదో, ఏ పట్టీ ఎప్పుడు తెగిందో, ఎవరు అన్న చెప్పులు వేసుకొచ్చారో అన్నీ దానికి కంఠతా వచ్చు.

"పిల్లలు మొహాలు దాచుకుంటారు వదినా, చెప్పులు దాచుకోలేరు" అనేది.

"అవునులే, నీకు మోకాళ్ల పైన మనిషే కనపడడు" అనేదాన్ని.

భూకంపం వచ్చిన పొద్దున పిల్లలంతా వట్టికాళ్లతో మైదానంలోకి పరుగెత్తారు. హాజరుపట్టీ లోపలే ఉండిపోయింది. మా ఆయమ్మ కళ్లు మూసుకుని, అరలు ఎదురుగా ఉన్నట్టే ఒక్కో జతనూ పిలిచింది. "నల్లపట్టీ!" "ఉన్నా." "ఎర్రపువ్వు!" "ఉన్నా." "తెల్ల బకిలు!" ఎవరూ పలకలేదు. మళ్లీ పిలిచింది. ఆ పిల్ల శవాన్ని మూడోరోజు కూలిన వెనక గదిలోంచి తీశారు. ఆ పిల్ల లేదన్న సంగతి కన్నతల్లికన్నా ముందు తెలిసింది దీనికే. అప్పటి నుంచి గిన్నెలు తోముతూ కూడా పెదాలు కదిపేది. తెల్ల బకిలు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. ఇంకొకసారి లెక్క తప్పితే ఇది బతకదని నాకు ఖాయంగా తెలుసు. ఆ మాట పైకి అనలేదు. నేను పైకి అనని మాటలు చాలా తక్కువ.

మిగతా బడి గోడలు నెర్రెలు విచ్చాయి. చుట్టూ తాడు కట్టి, లోపలికి ఎవరూ పోకూడదన్నారు. పిల్లల కోసం మైదానంలో గుడారం వేశారు. అంతకు నెల ముందే పరాయి దేశం కుర్రకారు నలుగురు వచ్చి ఉన్నారు. వాళ్ల ఆటపాటలు మన పిల్లలకు నేర్పి, మనవి వాళ్లు నేర్చుకుపోవాలని వచ్చినవాళ్లు. నేల కదిలాక ఇంటికి వచ్చెయ్యమని వాళ్ల పెద్దలు మొత్తుకున్నా పోలేదు. పిల్లల్ని ఆడిస్తూ ఉండిపోయారు. వాళ్లలో ఒక పొడుగుపిల్ల మా వసారాలోనే ఉండేది. గుమ్మం కింద నుంచి వంగి రావడం దానికి నేర్పడానికే వారం పట్టింది.

"అవ్వా, నేల మళ్లీ వచ్చునా?" అని అడిగింది ఒకనాడు.

"నేల ఎక్కడికి పోయిందమ్మా, మళ్లీ రావడానికి!"

అది నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. రోజుకు రెండుమూడు సార్లు కదులుతూనే ఉంది. గ్లాసులో నీళ్లు వణికితే చాలు, ముగ్గురం వాకిట్లో ఉండేవాళ్లం.

సాయంగా వచ్చిన చెప్పులన్నీ ఒకే నీలం. ముప్పై రెండు జతలు, ఒకే అచ్చు. చూడగానే మా ఆయమ్మ మొహం పాలిపోయింది.

"వీటన్నిటికీ ఒకటే మొహమేంటి వదినా!"

నా దారపు ఉండలన్నీ పట్టుకుపోయింది. రెండేసి రంగులు కలిపి పేని, ఏ పిల్లకు ఆ పిల్ల రంగులు చెప్పుల పట్టీలకు కట్టింది. మూడు రోజుల్లో మళ్లీ అంతా కంఠతా వచ్చేసింది. నేల కదిలినప్పుడల్లా పిల్లలు బయటికొచ్చి ఎవరి దారం మీద వాళ్లు నిలబడాలి. ఖాళీగా మిగిలిన జత ఎవరిదో వాళ్లు రానట్టు.

ఆ మధ్యాహ్నం గుడారం కుట్టు విడిపోతే కుట్టడానికి వెళ్లాను. టీచరు, మిగతా పరాయి కుర్రకారు ముగ్గురూ ఏదో కాగితం పనిమీద ఆఫీసుకు పోయారు. పొడుగుపిల్ల పిల్లల్ని చుట్టూ చేర్చి వాళ్ల దేశపు ఆట ఆడిస్తోంది. ప్రతి పిల్లా ఒక చెప్పు కుప్పలో వెయ్యాలి. కళ్లు మూసుకుని ఇద్దరిద్దరుగా చెప్పులు మార్చుకోవాలి. ఒక కాలికి నీది, ఒక కాలికి అవతలి పిల్లది. ఆ రోజంతా వాళ్లిద్దరూ జోడీ.

ఆయమ్మ నీళ్లబిందె దించి చూసేసరికి అంతా అయిపోయింది.

"ఏమే పొడుగూ! నా లెక్కంతా కలిపేశావు కదే!"

"లెక్క కాదు ఆయమ్మా, ఆట! స్నేహం!"

"నీ స్నేహం చల్లగుండ! తియ్యి, తియ్యి, ఎవరివి వాళ్లకియ్యి!"

అప్పుడు నేనన్నాను. "ఒక్కపూటకు ఏం కొంప మునిగిందే? చాన్నాళ్లకు నవ్వుతున్నారు, ఆడుకోనీ."

అన్నది నేనే. ఇందులో ఇంకెవరి తప్పూ వెతకనక్కర్లేదు.

పిల్లలు చెప్పులు బయట విడిచి పాటకు గుడారంలోపల కూర్చున్నారు. ఆయమ్మ వరుస మీద చూపు సాగించింది. ముప్పై రెండు జతలూ ఉన్నాయి. అందరూ లోపలే ఉన్నారనుకుని గుంజకు ఆనుకుంది. వట్టికాళ్లతో పోయిన పిల్ల చెప్పుల లెక్కకు అందదు. అది దానికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

గుంజ వణికింది. సూది నా వేలిలో దిగింది. కాళ్ల కింద బండి పోతున్నట్టు మోత. పిల్లలు అరుస్తూ బయటికి పడ్డారు. వరుసంతా తొక్కేసి కుప్ప చేశారు.

"దారం! ఎవరి దారం వాళ్లు!" ఆయమ్మ గొంతు చించుకుంది.

"ఇది నాది!" "కాదు, ఇవాళ నాది!" ఒక్కో చెప్పును ఇద్దరేసి లాక్కుంటున్నారు. మొహాలు చూసి చెప్పొచ్చు కదా అంటారేమో. దుమ్ములో, ఏడుపులో, ఒక్క క్షణం ఒకచోట నిలవని ముప్పైమందిని మీరు లెక్కపెట్టి చూడండి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఒకసారి ముప్పై ఒకటి, ఒకసారి ముప్పై మూడు.

ఆయమ్మ రెండు చేతుల్లో రెండు చెప్పులు పట్టుకుని కళ్లు పోయినదానిలా తిరుగుతోంది. పొడుగుపిల్లకు పెదాల్లో నెత్తురు చుక్క లేదు. ఉన్నట్టుండి చప్పట్లు కొట్టింది.

"జోడీ! జోడీ చెయ్యి పట్టు! చెయ్యి పట్టి కూర్చో!"

ఆట మాట కదా, విన్నారు. ఇద్దరిద్దరుగా కూలబడ్డారు. ఒక తొర్రిపళ్ల పిల్ల మాత్రం మిగిలింది, చెయ్యి గాలిలో చాపి.

"నా జోడీ లేదు."

"ఎవరే నీ జోడీ?"

"పిచిక. ఈ ఆట బాలేదంది. వాళ్ల నాన్న తీగ కట్టిన చెప్పులు తెచ్చుకుంటానంది."

పిచిక చెప్పులు నాకూ తెలుసు. తెగిన పట్టీని రాగితీగతో బిగించి ఇచ్చాడు తండ్రి. మొదటి కుదుపుకే గోడ కింద పోయినవాడు. ఆ చెప్పులు బడి వరండాలో, అరలోనే ఉండిపోయాయి.

నేను బడివైపు తిరిగేసరికి మా ఆయమ్మ తాడు దాటుతోంది. పొడుగుపిల్ల వెనకే పరుగెత్తింది.

"నువ్వు పిల్లల్ని పట్టుకో!" అని దాన్ని నెట్టేసింది ఆయమ్మ.

"ఒసే, పోకే! ఎవరినైనా పిలుద్దాం, ఆగవే!"

నా నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ రోజు అది వెనక్కి కూడా తిరగలేదు. తాడు దగ్గరదాకా పోయాను. అవతలకు కాలు వెయ్యలేకపోయాను. డెబ్బై రెండేళ్లలో ఎవరికీ జడవలేదని చెప్పుకునేదాన్ని. ఆ తాడు నా నడుమెత్తు కూడా లేదు.

వరండాలో పిచిక లేదు. ఆయమ్మ అరలు చూసింది, రాగితీగ జత ఉండే చోటు ఖాళీ. "పిచికా!" అని తరగతి గదిలోకి వంగింది. నేల కదిలితే బల్ల కింద దూరమని పిల్లలకు నేర్పింది ఇదే. పిచిక చెప్పినట్టే చేసింది, చెయ్యకూడని చోట. ఆయమ్మ లోపలికి పోయింది.

మళ్లీ కదిలింది.

ఈసారి మోత లేదు. ముందు పెంకులు జారాయి. తరవాత వరండా కొస గోడ పక్కకు ఒరిగి, తీరిగ్గా కూర్చున్నట్టు కూలింది. దుమ్ములో గుమ్మం కనపడలేదు. వెనక పిల్లలు ఒక్కరూ ఏడవడం లేదు, దానికే ఎక్కువ భయమేసింది.

దుమ్ములోంచి ముందు పిచిక వచ్చింది, చేతులకు చెప్పులు తొడుక్కుని, పాకుతూ. వెనక మా ఆయమ్మ, మోకాళ్ల మీద, దాని గౌను అంచు పిడికిట్లో పట్టుకుని తోస్తూ వచ్చింది. జుట్టంతా సున్నం. తాడు దాటి నా కాళ్ల దగ్గర కూలబడింది.

పిచిక అమ్మమ్మ పరుగెత్తుకొచ్చింది. "నా తల్లీ!" అని పిల్లను ఎత్తబోయింది. గౌను రాలేదు. ఆయమ్మ పిడికిలి విడవలేదు.

"వదిలెయ్యవే, వాళ్ల అమ్మమ్మే" అన్నాను.

వినపడలేదు. నేనే కూర్చుని వేళ్లు ఒక్కొక్కటే విప్పాను. ఒకటి విప్పితే ముందు విప్పింది మళ్లీ బిగుసుకుంటోంది. దాని కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి.

"వదినా, లోపల ఇంకెవరైనా ఉన్నారేమో చూడవూ?"

"ఎవరూ లేరే. పిచికతో ముప్పై రెండూ సరిపోయాయి."

"నిజంగా చూశావా?"

చూడలేదు. చూశానన్నాను. అని, దాని చెయ్యి వదలకుండానే వెనక్కి తిరిగి, గుడారం ముందు చేతులు పట్టుకుని కూర్చున్నవాళ్లను ఇద్దరిద్దరుగా మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.