కొరమీను చెప్పిన సాక్ష్యం

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరి అభిప్రాయం. "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మా అత్త రోజుకోసారైనా నాకు అప్పజెప్పేది. ఆ నోరు మూయించడానికి ఆమె దగ్గర ఇంకొకటి కూడా ఉండేది. అది బావిలో చేప.

కోయంబత్తూరు పక్కన మా తోటలో పాత దిగుడుబావి ఉంది. అందులో ఎప్పుడూ ఒక కొరమీను ఉండాలి, తమిళంలో విరాల్ అంటారే, అది. కోడలు కాపురానికి వచ్చిన మర్నాడు ఒక పిల్లచేపను వదులుతుంది. నేనూ వదిలాను. పాతది పోతే చెరువు నుంచి ఇంకొకటి తెస్తారు. చేప తిరుగుతున్నంతకాలం నీళ్ళకు భయం లేదని మావాళ్ళ నమ్మకం. ఇంట్లో ఎవరు కడుపుతో ఉన్నా ఆ చేపనే పట్టి, మిరియాలు దంచి పులుసు పెట్టాలి.

వాగుకు ఎగువన మా మరిది, అంటే నా భర్త పెదనాన్న కొడుకు, ప్లేటింగ్ షెడ్డు పెట్టాడు. ఇనప సామాన్లకు తళతళలాడే పూత వేస్తారక్కడ. కడిగిన నీళ్ళు వాగులోకే. వాగు ఒకనాడు పచ్చగా, ఒకనాడు పసుపుగా పారేది. ఆ నీళ్ళే ఊటగా మా బావిలోకి దిగేవి. మొదట మా బావిలో పరిగె చేపలు పోయాయి, తర్వాత కప్పలు. నేను గోల పెట్టాను. అత్త గట్టు మీద నిలబడి వేలు చూపించింది.

"అద్దో, తిరగతా ఉండాది గదా అమ్మిణీ. నీళ్ళు సరిలేకుంటే సచ్చుండదా?"

ఊరివాళ్ళు వాగు గురించి అర్జీ పెడితే కాలుష్య శాఖ అధికారి వచ్చాడు. మరిది ఆయన్ను తిన్నగా మా బావి దగ్గరికే తీసుకొచ్చాడు. అత్త గర్వంగా చేపను చూపించి అదే మాట తమిళంలో చెప్పింది. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబు అటెండరుగా చేసినదాన్ని నేను. విద్యార్థుల కోసం చేపలు కోసి ట్రేలో పరచడమే నా ఉద్యోగం. కొరమీను నీటి పైకి వచ్చి గాలి పీల్చి బతుకుతుంది. మిగతా చేపలు మొప్పలు పాడై చచ్చే నీళ్ళలో కూడా అది నిక్షేపంగా తిరుగుతుంది. మావాళ్ళు ఏరి కోరి సాక్షిగా పెట్టుకున్నది దాన్ని! ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అంతలో నా కూతురు ఏడో నెలలో పుట్టింటికి వచ్చింది. సీమంతం గాజులు వేసిన మర్నాడు అత్త ఆ చేపను పట్టించింది. నేను కత్తిపీట ముందు కూర్చున్నాను. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు పాలిపోయి, జిగటతో అతుక్కుపోయి ఉన్నాయి. కాలేయం ఉబ్బి, మచ్చలు పడి, వేలు తగిలితే చితికిపోయింది. గడప మీద కూర్చున్న నా కూతురు ఆకలేస్తోందమ్మా అంటోంది. నేను చేపను పక్కకు నెట్టేశాను.

"ఇది నా బిడ్డకి పెట్టేదిలేదు అత్తా."

"నువ్వు తినలా? నేను తినలా? మనకేమాయె?"

"అప్పుడు షెడ్డు లేదు గదా."

ఆ పూట పిల్లకు పప్పుచారు పోశాను. చేపను ఐసులో పెట్టి కాలేజీకి పట్టుకుపోయాను. అక్కడి మేడమ్ పరీక్షకు పంపింది. కాగితంలో వచ్చినవి క్రోమియం, నికెల్, సీసం, అన్నీ ఆ పూత పనిలో వాడేవే. అవి చేప కాలేయంలో, మూత్రపిండాల్లో, కండలో చేరిపోతాయని, చేప చావకుండా మోసుకుంటూ తిరిగి తిన్నవాళ్ళకు అప్పజెబుతుందని ఆమె చెప్పింది. కడుపులో బిడ్డకు సీసం మరీ చేటట. ఇంటికొచ్చి ఆ కాగితం మా తెలుగులో అత్తకు ఒక్కో ముక్కా చెప్పాను. ఆమె రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

సంగతి తెలిసి మరిది వచ్చాడు. "ఇంటి గుట్టు బయట పెట్టబోకు వదినా. సేప బతికే ఉండె గదా."

"బతికే ఉండె. పైకొచ్చి గాలి పీల్చుకోని బతికుండె, నీ నీళ్ళ పుణ్యాన కాదు. అర్జీ నా పేరుతోనే పోతాది, పో."

కులంలో వెలేస్తారని బెదిరించాడు. వెయ్యమన్నాను. అర్జీకి ఆ కాగితం జతచేసి పంపాను, బావికి వెళ్ళే మోటారు తీగ పీకేశాను, తాగే నీళ్ళు లారీలో తెప్పించాను.

అధికారి మళ్ళీ వచ్చాడు. మరిది మళ్ళీ ఆయన్ను బావి దగ్గరికే నడిపించాడు. బావిలో చేప లేదు. గట్టు దగ్గర కుర్చీ వేయించుకుని అత్త కూర్చుని ఉంది. అలా వచ్చి కూర్చుంటానని నాకూ చెప్పలేదు.

"పోయిన తడవ నేను సెప్పింది తప్పు," అంది తమిళంలో. "తిరిగే సేపను సూసినా, దాని లోపల సూడలా. ఎళుదిక్కోంగ సార్."

రాసుకోమని అంత గట్టిగా చెప్పేసరికి ఆయన కలం ఆపి మరిది వైపు చూశాడు. ఈయన మీ సొంత మనిషే కదమ్మా అని తమిళంలో అడిగాడు.

అత్త నా పక్కన నిలబడ్డ నా కూతురి పొట్ట వైపు చెయ్యి చూపించింది.

"అందులో ఉండేదీ మా మనిషే," అంది.

ఆయన రాసుకున్నాడు.