తడి ఆకుల పొగ

ఈ పొద్దున టీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి మంచు మా గుమ్మం దాకా వచ్చి కూర్చుంది. అరకులో డిసెంబరు మంచు ఎంత చిక్కగా ఉంటుందంటే, తాడు కనబడక మా ఆవిడ చీరని మంచు మీదే ఆరేసింది. మధ్యాహ్నం మంచు విడిపోయాక అది కింద పడింది. ఈ సంగతి నిన్న నా జీపెక్కిన టూరిస్టులకి చెబితే ఒకాయన ఆ చీర చూపించమన్నాడు. ఘాట్ రోడ్డు మీద జీపు నడిపేవాణ్ని, జనానికి కడుపులో తిప్పకుండా ఏదో ఒకటి చెబుతూ ఉండాలి. ఆ అలవాటు ముదిరి ఇలా తయారయ్యాను. కానీ ఈ పొద్దున ఆ మంచులోంచి ఒక వాసన వచ్చింది. పచ్చి సిల్వర్ ఓక్ ఆకులు కాలుతున్న వాసన. కాస్త పుల్లగా, గొంతులో గీరుకుంటూ. అందులో గంజి వాసన లేదు, అడుగంటిన అన్నం వాసన లేదు, మిరపకాయ ఘాటు లేదు. వట్టి పొగ. టీ గ్లాసు గోడ మీద పెట్టేశాను. ఇక్కణ్నించి నేను చెప్పేదంతా నిజం. నమ్మకపోతే మీ ఇష్టం. ఈ లోయలో నా మాట నమ్మేవాళ్లు ఎలాగూ లేరు.

మార్తమ్మ పిన్ని మా పక్కింటావిడ. మీరు ఆవిణ్ని చూసి ఉండరు. పొట్టి మనిషి. చీర మీద మగవాళ్ల స్వెట్టరు, దాని జేబులో ఎప్పుడూ ఒక అగ్గిపెట్టె. ఆడపిల్లల హాస్టల్లో ఆయాగా చేసి రిటైరయింది. అక్కడ చలికాలంలో తెల్లారకముందే లేచి, నిద్రపోతున్న పిల్లల ముక్కుల దగ్గర చెయ్యి పెట్టి చూసేదట. ఊపిరి తగిలితేనే పక్క మంచానికి వెళ్లేదట. పిల్లలకి మెలకువ వచ్చి విసుక్కునేవారట. రిటైరయ్యాక కూడా ఆ చెయ్యి ఊరుకోలేదు. ముక్కులు దొరక్క, ఊరి ఇళ్ల కప్పుల మీద పెట్టింది. రోజూ పొద్దున్నే వాకిట్లో బట్టలుతికే రాయెక్కి నిలబడి, ఏ ఇంటి మీంచి పొగ లేచిందో, ఏ ఇంటి మీంచి లేవలేదో చూసుకునేది.

"ఏటి పిన్నీ, ఈ పొగలన్నిటికీ పన్ను ఏస్తావేటి?" అని ఏడిపించేవాణ్ని.

"నోర్ముయ్యిరా అప్పన్నా. గోవిందు ఇంటి మీద పొగ లేదు. నా గుండె కొట్టుకుంటంది."

"సుట్టాలింటికెళ్లుంటాడు."

"ఎళ్తే ఎళ్లనీ. ఎళ్లాడని నాకు తెలవాల గదా."

తెలిసేదాకా ఆవిడ టీ ముట్టేది కాదు. నన్నూ ముట్టనిచ్చేది కాదు. చెప్పులేసుకుని ఇద్దరం గోవిందు ఇంటికి పోతే, వాడు హాయిగా ముసుగు తన్ని పడుకుని ఉండేవాడు. ఇలా ఎన్ని పొద్దులు పాడయ్యాయో. భయం అంటురోగం లాంటిదని అప్పట్లో నాకు తెలీదు.

పిన్నిది రేకుల కప్పు చర్చి. అక్కడ ఆడవాళ్లు వంటకి బియ్యం పోసుకునే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం చర్చిలో ఒక పెద్ద డ్రమ్ములోకి చేరుతుంది. క్రిస్మస్ ముందు కేరల్స్ పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగేటప్పుడు, ఆ బియ్యం లేనివాళ్ల ఇళ్లకి పోతుంది. వాళ్లు చర్చికొచ్చేవాళ్లా, కొండదేవతకి కోడిని కోసేవాళ్లా అని ఎవరూ అడగరు. సింహాచలం స్వామి పేరు పెట్టుకున్న నన్ను ఆవిడ ఆ గుంపులోకి ఎందుకు లాగిందంటే, ఒకటి నా జీపు. రెండోది నా నోరు.

మొదటిసారి తీసుకెళ్లినప్పుడే చెప్పింది. "మేం పాడతాం. పాట అయిపోయినాక నువ్వు నీ బడాయిలు మొదలెట్టు. ఆళ్లు నవ్వుతూ నీకేసి సూత్తంటే, నేను మూట తలుపెనక పెట్టేత్తాను. ఇచ్చినట్టు ఎవులికీ తెలవకూడదు, ఆళ్లకి కూడా."

అప్పటిదాకా నా అబద్ధాలకి ఒక పని ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. మొదటి ఇంట్లో, నా జీపుకి బ్రేకులు పోతే మంచులో గుద్ది ఆపానని చెప్పాను. ఆ ఇంటి ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. తలుపు వెనక మూట దిగింది. ఆ ఇంట్లో అందరికీ చోడి అంబలి, అదే రాగి జావ, పోశారు. నాకు కడుపు నిండుగా ఉండి వద్దన్నాను. బయటికొచ్చాక పిన్ని నా చెవి పట్టుకున్నంత పని చేసింది.

"తాగకుండా లేసిపోతావేటి? ఇచ్చేసి పోడానికి మనం రేషన్ బండేటి? ఆళ్లింట్లో ఒక గుక్క తాగితే సుట్టాలం. తాగకపోతే ఆఫీసర్లం."

గెడ్డకి, అంటే మా కొండవాగుకి అవతల, కాఫీ తోటల మీదుగా ఎక్కితే సుబద్ర పెద్దమ్మ ఇల్లు. పిన్ని ఈడుదే. ఇద్దరూ ఒకే సంతలో పసుపు, పిప్పళ్లు అమ్ముకుంటూ స్నేహితులయ్యారు. ఒక ఏడాది మైదానం నుంచి భక్తులు కొందరు దుప్పట్లు పట్టుకొచ్చారు. పిన్ని మతంవాళ్లే, కాదనలేక వెంటపెట్టుకుని అన్ని ఇళ్లూ తిప్పింది. వాళ్లు మంచివాళ్లే, కానీ ప్రతి దుప్పటికీ ఒక ఫోటో. సుబద్ర పెద్దమ్మని బ్యానర్ ముందు నిలబెట్టి, దుప్పటి కాస్త ఎత్తి పట్టుకోమని, కొంచెం నవ్వమని అడిగారు. ఆ ఫోటో ఫోన్లలో తిరిగి తిరిగి సంతకొచ్చింది. పిప్పళ్లు కొనే షావుకారొకడు, "ఏటమ్మా, హీరోయినైపోనావు, దుప్పట్ల యాపారం బాగుందా?" అన్నాడట.

ఆవిడ ఆ దుప్పటి మడత విప్పకుండా తెచ్చి పిన్ని అరుగు మీద పెట్టింది. "మార్తా, నీ మీద కోపం నేదు. గానీ నాకేటీ ఒద్దు. నా ఇంటి మీద పొగ లేత్తన్నంతకాలం నా గడప తొక్కకు."

పిన్ని దాన్ని లోపలికి తీసుకెళ్లి పెట్టెలో పెట్టింది. ఆ దుప్పటి ఎవరికీ ఇవ్వలేదు, తనూ కప్పుకోలేదు.

మరుసటి ఏడు కోతల వేళకి వానలు పట్టుకున్నాయి. పెద్దమ్మ కొండ మీద వేసిన చోళ్లు వెన్నులోనే మొలకలెత్తాయి. కొడుకు కట్టడం పనికని చెన్నై వెళ్లాడు, ఫోను మోగడం మానేసింది. కోడలు పార్వతి పచ్చి బాలింత. పసుపు తవ్వి తవ్వి పెద్దమ్మ వేళ్లు అరిగిపోయి, రేషన్ మెషీన్ ఆవిణ్ని గుర్తుపట్టడం మానేసింది. ఇవన్నీ సంతలో నా చెవిన పడుతూనే ఉన్నాయి, నేను పిన్నికి చేరవేస్తూనే ఉన్నాను. పిన్ని రాయెక్కి గెడ్డ అవతలికి చూసేది. పొగ లేచేది. రోజూ లేచేది. "లేత్తంది గదరా," అనేది. కానీ రాయి దిగేది కాదు.

ఒకరోజు నేనూ ఆవిడ పక్కన నిలబడి చూశాను. మంచు కాస్త పలచబడింది. ఆ ఇంటి మీంచి పొగ తెల్లగా, లావుగా, నిటారుగా లేచింది. సరిగ్గా పిన్ని రాయెక్కే వేళకే లేచింది. వంట చేసుకునేవాళ్ల పొగ అలా ఉండదు. ఒకరోజు ఆలస్యమవుతుంది, ఒకరోజు సన్నగా వస్తుంది, కట్టె అంటుకున్నాక అసలు కనబడదు. నిజం ఎప్పుడూ కొంచెం గజిబిజిగా ఉంటుంది. ఈ పొగ మరీ బాగుంది. నేను టూరిస్టులకి చెప్పే కథలా, ఎక్కడా అతుకు కనబడకుండా ఉంది.

"పిన్నీ," అన్నాను, "ఆ పొగ బడాయి చెబుతోంది."

"ఏటి?"

"నా జాతి పొగ అది. నీకు కనబడాలని పెద్దమ్మ ఏసింది."

గెడ్డ దాకా నడిచాం. గాలి అటునుంచే వస్తోంది. పచ్చి ఆకుల వాసన. గంజి వాసన లేదు. పసిపిల్ల ఏడుపు వినబడింది. గట్టిగా కాదు, గట్టిగా ఏడిస్తే బాగుండేది. అలసిపోయినట్టు, మధ్యలో ఆగి ఆగి. పిన్ని స్వెట్టరు జేబులో చెయ్యి పెట్టుకుని అగ్గిపెట్టె గిలక్కొడుతూ నిలబడింది. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థనో, లెక్కో నాకు తెలీలేదు.

"గడప తొక్కనని మాటిచ్చినట్టే గదరా నేను. పొగ లేత్తంది గదా," అంది. మళ్లీ తనే, "తల్లికి పాలు ఎక్కణ్నించొత్తాయి?" అంది. ఆ తర్వాత, ఆదివారం ఆదివారం నా అబద్ధాలకి నన్ను తిట్టే మనిషి, నా మొహంలోకి చూసి, "ఏదో ఒకటి అల్లరా అప్పన్నా. బేగి అల్లు," అంది.

వెనక్కెళ్లి చర్చి డ్రమ్ములోంచి బియ్యం మూట కట్టి భుజానికెత్తుకున్నాను. కొండెక్కుతున్నంతసేపూ కథలు కట్టి కట్టి పారేశాను. నా జన్మలో కథ చెప్పడానికి భయపడింది ఆ పొద్దునే. టూరిస్టు నమ్మకపోతే నవ్వుతాడు. పెద్దమ్మ నమ్మకపోతే తలుపేసుకుంటుంది. తలుపేసుకుంటే మళ్లీ తీయదు. లోపల ఆ పసిపిల్ల. వెనకాల పిన్ని ఆయాసపడుతూ, "కుదిరిందా?" అని అడుగుతోంది. "కుదురుతోంది," అంటున్నాను.

గడప తొక్కలేదు. వాకిట్లోనే ఆగాం. తెరిచిన తలుపులోంచి చూస్తే, పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద గిన్నె, గిన్నెలో నీళ్లు మరుగుతున్నాయి. పక్కన పచ్చి ఆకుల కుప్ప. ఆవిడ లేచి గిన్నెకి అడ్డంగా నిలబడింది.

"ఏటి, ఇద్దరూ దిగబడ్డారు? పొగ కనబళ్లేదా?"

"కనబడింది పెద్దమ్మా, అది చూసే వచ్చాం," అని మొదలెట్టాను. "పిన్నీవాళ్ల చర్చి గదిలోకి ఎలుగుబంటి దూరింది. బియ్యం డ్రమ్ము మీద కూర్చుని కదలట్లేదు. పాస్టరు గారు పాటలు పాడినా లేవలేదు, పైగా తనూ రాగం తీసింది. ఈ మూట దాని కాళ్ల కిందనించి లాక్కొచ్చాను. ఎక్కడ దాచినా వాసన పట్టేస్తోంది. పొగుండే ఇంటికి ఎలుగు రాదంట గదా. లోయ మొత్తం మీద నీ ఇంటి పొగంత లావు పొగ ఇంకోటి లేదు."

మా కొండల్లో ఒక పద్ధతుంది. ఒకరి గింజలు ఇంకొకరి ఇంట్లో దాచుకుంటే, దాచినవాళ్లు అందులోంచి వండుకుంటారు. అది కాపలా వాటా. దానికి అడగక్కర్లేదు, సిగ్గుపడక్కర్లేదు. నా కథంతా ఆ ఒక్క పద్ధతి మీద నిలబడి ఉంది.

పెద్దమ్మ నావైపు చూడనే లేదు. పిన్నివైపు తిరిగింది. ఆవిడ అబద్ధమాడదని ఊరందరికీ తెలుసు.

"మార్తా, నువ్వు సెప్పు. ఎలుగొచ్చిందా?"

లోపల పిల్ల ఏడుపు ఆగింది. పిన్ని జేబులో అగ్గిపెట్టె చప్పుడు కూడా ఆగింది.

"ఎలుగుని నేను సూళ్లేదు," అంది. "గానీ నాకు బయంగా ఉంది సుబద్రా. నిద్దర పట్టట్లేదు. ఈ మూట నీ ఇంట్లో ఉంటే నాకు నిద్దర పడతాది."

ఆ పొట్టి మనిషిని చూసి పెద్దమ్మ ఏమనుకుందో. చివరికి, "ఇంత ముసిల్దానివయ్యావు, బయమేటే నీకు?" అని కసిరి, నావైపు తిరిగి, "సూత్తావేట్రా, దించు," అంది.

గడప దాటి దించాను. తలుపు వెనక కాదు, పొయ్యి పక్కనే. ఇక వెళ్లిపోతామనగా పెద్దమ్మ, "ఊరికే ఎళ్లకండి," అంది. ఇంట్లో ఇవ్వడానికి ఇంకేమీ లేదు. ఆ గిన్నెలో మరుగుతున్న నీళ్లే రెండు గ్లాసుల్లో పోసి ఇచ్చింది. పిన్ని ఊదుకుంటూ ఊదుకుంటూ అడుగు దాకా తాగింది. నేనూ తాగాను. పొగ వాసన వేసింది.

మర్నాటి నుంచి ఆ ఇంటి పొగ వంకరటింకరగా, వేళకాని వేళల్లో లేవడం మొదలైంది. పిన్ని రాయి మీద నిలబడి నవ్వింది. ఏడాది తిరిగాక పెద్దమ్మ ఆ బియ్యం మూట తాలూకు ఖాళీ సంచిలో రాజ్‌మా పోసుకుని సంతకొచ్చి, అందరి ముందూ, "ఒరే ఎలుగూ, ఇంద," అని నా చేతిలో పెట్టింది. నాకా పేరు అలాగే ఉండిపోయింది.

పిన్ని పోయిన వానాకాలంలో పోయింది. మంచం పట్టాక రోజూ పొద్దున నన్ను పిలిపించుకుని పొగల సంగతి అడిగేది. నా జీవితంలో ఒక్క అక్షరం కలపకుండా చెప్పినవి ఆ కబుర్లే. రాయెక్కి, కళ్లారా చూసి, అప్పుడు వెళ్లి చెప్పేవాణ్ని. ఆవిడ పోతే ఆ భయమూ పోతుందనుకున్నాను. అది ఆవిడ ఇల్లు ఖాళీ చేసి మా ఇంటికొచ్చేసింది. పైగా ఇప్పుడు సగం ఇళ్లలో గ్యాసు. పొగ లేనంతమాత్రాన పస్తులున్నట్టు కాదు. కుక్కర్ విజిల్స్ కోసం చెవులు రిక్కించుకుని నిలబడితే మా ఆవిడ నవ్వుతుంది. నవ్వుతూనే, చర్చికెళ్లకపోయినా, రోజూ ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తుంది.

ఈ పొద్దున వాసన వచ్చింది కింది వీధి చివరి ఇంట్లోంచి. కొత్తగా వచ్చినవాళ్లు, భార్యాభర్తలు. ఎవరితోనూ మాట్లాడరు. పేర్లు కూడా నాకు సరిగ్గా తెలీవు. మా ఆవిడ డబ్బా వంపి మూట కట్టి ఇచ్చింది. మంచులో దారి తడుముకుంటూ బయల్దేరాను. ఎలుగు పాతబడిపోయింది. ఏనుగంటే నమ్మరు. ఏ కథ మొదలెట్టినా రెండడుగులకే విరిగిపోతోంది. వాళ్ల వాకిట్లో ఆగేసరికి నా దగ్గర ఒక్క మాటే మిగిలింది. అది నేను అల్లింది కాదు.

తలుపు కొట్టాను. "నాకు భయంగా ఉందమ్మా," అన్నాను. "ఈ మూట కాస్త మీ ఇంట్లో పెట్టుకుంటారా?"